టీటీ ఓపెన్ వ్యాగన్లు చాలాకాలం నడిపాక: అందం సరే, బరువేది?

ఓపెన్ వ్యాగన్లంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. పైకప్పు లేని ఆ పొడవాటి డబ్బా ఖాళీగా వెళ్తుంటే లోపలి తుప్పు మరకలు, గోడల మీది సొట్టలు అన్నీ కనిపిస్తాయి, గూడ్స్ బండి అందమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. అందుకే యూరప్ పట్టాల మీద ఎటు చూసినా కనిపించే 14.04 మీటర్ల ఈఏఓఎస్ రకం ఓపెన్ వ్యాగన్‌కి నమూనా 1:120లో, అంటే మోడల్ రైళ్ల సైజుల్లో టీటీ అనేదానిలో, కొత్త అచ్చుతో వస్తోందని తెలియగానే ఆర్డర్ పెట్టేశాను. ఆ తర్వాత ఇంకో కంపెనీ కూడా అదే వ్యాగన్ తెచ్చింది, అవీ తీసుకున్నాను. రెండు రకాలనూ చాలాకాలంగా నడుపుతున్నాను. పెట్టె మీద రాసి ఉండే వివరాలు మళ్లీ ఇక్కడ రాయను. నేను చెప్పేది వాటి బరువు గురించే, ఎందుకంటే ఈ వ్యాగన్ల విషయంలో నన్ను బాగా విసిగించిందీ అదే, బాగా సంతోషపెట్టిందీ అదే.

టీటీకి ఎందుకు వచ్చానో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నాకు గూడ్స్ బండి పొడవుగా ఉండాలి. ఈ వ్యాగన్ హెచ్‌ఓలో, అంటే 1:87 సైజులో, 161 మి.మీ. ఉంటుంది, ముప్పై వ్యాగన్లు వరసగా తగిలించి రేక్ కడితే దాదాపు ఐదు మీటర్లు. టీటీలో 117 మి.మీ., అదే రేక్ మూడున్నర మీటర్లలో సరిపోతుంది. ఎన్‌లో, అంటే 1:160లో, 88 మి.మీ., రెండున్నర మీటర్ల పైన కొంచెం. పట్టాల లెక్కలో ఈ మూడింటికీ వంక పెట్టలేం, మోడల్ పట్టాల మధ్య దూరం మిల్లీమీటర్లలో తీసుకుని 16.5ని 87తో, 12ని 120తో, 9ని 160తో గుణించి చూడండి, అన్నీ అసలు గేజ్ 1435 మి.మీ.కి అయిదారు మిల్లీమీటర్ల తేడాలోనే ఉంటాయి. బ్రిటన్‌లో వాడే ఓఓ అనే సైజు మాత్రం 1:76.2 బండిని అదే 16.5 పట్టాల మీద పెడుతుంది, గుణిస్తే 1257 దాకానే వస్తుంది, ముందు నుంచి చూస్తే చక్రాలు బాడీ కిందికి మరీ లోపలికి ఉన్నట్టు తెలిసిపోతుంది. అదే దేశంలో 2022లో హార్న్‌బీ అనే మోడల్ రైళ్ల కంపెనీ 1:120లోకి దిగిందంటే నాకు అంత సంతోషం వేయడానికి ఇదో కారణం. సరే, ఎన్ ఎందుకు వద్దనుకున్నానంటే, వ్యాగన్ లోపలి గోడల మీది నిలువు పట్టీలు, కింది బ్రేకు సామాను నా కళ్లకు ఆ సైజులో ఆనవు. హెచ్‌ఓకి నా దగ్గర చోటు లేదు. అలా మధ్యలో ఆగాను.

ఇక ఈ కొత్త అచ్చులో నాకు నచ్చింది గోడల పల్చదనం. అసలు వ్యాగన్ గోడ కొన్ని మిల్లీమీటర్ల ఉక్కు రేకు, దాన్ని 120తో భాగిస్తే వచ్చే మందంలో ప్లాస్టిక్ పోయడం ఎవరి వల్లా కాదు. బొమ్మ గోడ అర మిల్లీమీటరు ఉందనుకోండి, దాన్ని మళ్లీ అసలు సైజుకి పెంచి చూస్తే హెచ్‌ఓలో 43 మి.మీ. మందం, టీటీలో 60, ఎన్‌లో 80 అవుతుంది. కప్పు ఉన్న వ్యాగన్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఓపెన్ వ్యాగన్లో పై అంచు చూడగానే బయటపడుతుంది. మొదటి కంపెనీ వాళ్లు అంచు దగ్గరికి వచ్చేసరికి గోడని ఇంకా సన్నం చేశారు, లోపలి వైపు పట్టీలు కూడా పోశారు, మూలల్లో మెట్లు, పట్టుకునే కమ్మీలు విడిగా తెచ్చి అతికించారు. చేతిలో పట్టుకుని వెలుతురుకి తిప్పి చూస్తూ ఎంతసేపు గడిపానో చెప్పలేను. అప్పట్లో అడిగినవాళ్లందరికీ కొనమనే చెప్పాను, ఇప్పుడూ చెప్తాను, కాకపోతే మీ లేఔట్లో, అంటే మీరు పరుచుకున్న మోడల్ పట్టాల ఏర్పాటులో, వంపులు ఎలా ఉన్నాయో ముందు అడుగుతాను.

నా లేఔట్ రెండు అంతస్తులది. కింది స్టేషన్ నుంచి పైదానికి వెళ్లడానికి హెలిక్స్ ఉంది, అంటే బండి గుండ్రంగా తిరుగుతూ ఎక్కుతుంది. మొత్తం వంపే, మొత్తం ఎక్కుడే, పైగా చెక్క పలక వెనక ఉంటుంది కాబట్టి లోపల ఏం జరుగుతోందో కనిపించదు. ఖాళీ ఓపెన్ వ్యాగన్లను విడిగా ఎన్నిసార్లు పంపినా చక్కగా ఎక్కాయి. వాటి వెనక ట్యాంకర్లు తగిలించి పంపినప్పుడు మొదలైంది కథ. బండి లోపలికి వెళ్లింది, చప్పుడు మామూలుగానే ఉంది, చుట్టు తిరిగేసరికి గీసుకుంటున్న శబ్దం వచ్చింది, నేను కంట్రోలర్ మీద చెయ్యి వేసేలోగా ఏదో ఠప్పున విరిగింది. పలక తీసి చూస్తే రేక్ మధ్యలో ఓపెన్ వ్యాగన్లు మూడు వంపు లోపలి వైపుకి ఒరిగిపోయి ఉన్నాయి. ముందు వ్యాగన్లు, ఇంజన్ పట్టాల మీదే ఉన్నాయి, వెనక ట్యాంకర్లు కూడా కదలకుండా ఉన్నాయి. ఒరిగిన వాటిలో ఒకటి పై చుట్టుని మోసే స్తంభానికి తగిలి మూల మెట్టు విరిగిపోయింది, ఇంకోదాని బఫర్ ఊడింది. ఆ మెట్టు కోసం టార్చి పెట్టి కింది చుట్టు దాకా వెతికాను, దొరికింది కానీ అతికించాక ఆ మూల మునుపటిలా లేదు. నేను అంతగా మురిసిపోయిన పనితనం మొత్తం ఒక్క క్షణంలో అలా గీసుకుపోతే ఎంత బాధగా ఉంటుందో ఇలాంటివి సేకరించేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

మామూలుగా ఎవరైనా మొదట చూసేది పట్టాలనే, నేనూ అవే చూశాను. గేజ్ సరిగ్గా ఉంది, అతుకుల్లో మెట్టు లేదు. ఇరుసు మీద రెండు చక్రాల మధ్య దూరం కొలిచాను, బాగానే ఉంది. వ్యాగన్ల వరస మార్చాను, అప్పుడు ఇంకో జత పడ్డాయి, అవీ ఆ కొత్త ఓపెన్ వ్యాగన్లే. అదే రేక్ కిందికి దిగేటప్పుడు ఒక్కసారీ పడలేదు. వెనక బరువుండి, ముందు ఖాళీవి ఉండి, బండి ఎక్కుతుంటేనే పడుతున్నాయి. స్ట్రింగ్‌లైనింగ్ అనేది దీన్నే. వంపులో కప్లర్ల గుండా, అంటే వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కొక్కేల గుండా, వచ్చే లాగుడు పట్టాల వెంట తిరగదు, తిన్నగా పోవాలని చూస్తుంది, అంటే మధ్యలో ఉన్న ప్రతి వ్యాగన్‌నీ లోపలి వైపుకి గుంజుతుంది. ఆ గుంజుడిని ఆపేది వ్యాగన్ సొంత బరువు ఒక్కటే. వెనక బరువు పెరిగిన కొద్దీ, వంపు బిగిసిన కొద్దీ గుంజుడు పెరుగుతుంది, వ్యాగన్ బరువు మాత్రం అంతే ఉంటుంది, ఒక స్థాయి దాటాక బయటి చక్రం పట్టా మీద నుంచి లేస్తుంది.

తూకం వేశాను. 32 గ్రాములు. అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ వాళ్ల ఆర్‌పీ-20.1 అనే సిఫారసు ప్రకారం టీటీ వ్యాగన్‌కి ముప్పావు ఔన్సు, దాని మీద పొడవులో ప్రతి అంగుళానికీ మూడు బై ఎనిమిది ఔన్సు ఉండాలి. మన 117 మి.మీ.కి లెక్క వేస్తే 70 గ్రాములు. అది మరీ ఎక్కువని నాకూ అనిపిస్తుంది, కానీ ఇక్కడ సగం కూడా లేదు. అదే సిఫారసులో హెచ్‌ఓకి ఒక ఔన్సు, ప్రతి అంగుళానికీ అర ఔన్సు, ఈ వ్యాగన్‌కి 118 గ్రాముల దాకా వస్తుంది. ఎన్‌కి 29 గ్రాములు చాలు. స్కేల్ ఎంచుకునేవాళ్లు గది కొలతలు తీసుకుంటారు కానీ ఈ లెక్క దగ్గరికి రారు. హెచ్‌ఓ నుంచి టీటీకి పొడవు 1.38 రెట్లే తగ్గుతుంది, ఒకే పదార్థంతో అన్నీ అదే నిష్పత్తిలో చేస్తే బరువు మాత్రం 2.6 రెట్లు తగ్గుతుంది, ఎన్‌కి వెళ్తే 6 రెట్ల పైన. గోడ మందం అదే నిష్పత్తిలో తగ్గదు కాబట్టి నిజంలో ఇంత తేడా రాదు, అయినా కప్లర్‌ని మధ్యకి తెచ్చే స్ప్రింగ్, చక్రాల రాపిడి కూడా అదే నిష్పత్తిలో తగ్గవు కదా. పైగా ఓపెన్ వ్యాగన్లో గోడలు ఎంత పల్చబడితే చూడ్డానికి అంత బాగుంటుంది, బరువు అంత పోతుంది. మూసి ఉన్న వ్యాగన్ అయితే లోపల ఒక ఇనుప పలక పెట్టేసి ఊరుకుంటారు, ఇందులో దాచడానికి చోటే లేదు.

బొగ్గు పోసి దాని కింద సీసం పెడితే సమస్య తీరిపోతుందని చాలామంది చెప్తారు. తీరుతుంది. కానీ నేను డబ్బులు పెట్టింది ఖాళీ వ్యాగన్ లోపలి గోడలు చూడ్డానికి, వాటి మీద బొగ్గు కప్పడానికి కాదు. అడుగున, చక్రాల ఫ్రేములు రెండింటి మధ్యలో ఉన్న జాగాలో మిల్లీమీటరు మందం సీసం రేకు అతికిస్తే పది గ్రాములు పెరిగాయి, అదే జాగాలో టంగ్‌స్టన్ పెడితే ఇంకాస్త ఎక్కువ, దాని సాంద్రత 19.3, సీసానిది 11.3. ఒరగడం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. బ్రేకు కడ్డీలు విప్పి మళ్లీ పెట్టడం వల్ల కొన్ని వదులయ్యాయి కూడా.

రెండో కంపెనీ వ్యాగన్ వచ్చింది ఆ రోజుల్లోనే. దాని మీద నాకు పెద్ద ఆశలు లేవు. ఫొటోల్లో పై అంచు కాస్త మందంగా ఉంది, మెట్లు బాడీతో పాటే పోసినవి. పెట్టెలోంచి తీసి చేతిలో పెట్టుకోగానే తేడా తెలిసింది, అడుగు భాగం మొత్తం డైకాస్ట్, అంటే అచ్చులో పోసిన లోహం, గోడలు మాత్రం ప్లాస్టిక్. 52 గ్రాములు తూగింది. బరువంతా కిందే ఉండటం వల్ల పాయింట్ల మీద నుంచి, అంటే పట్టాలు చీలే చోట్ల నుంచి, పోయేటప్పుడు ఊగదు, నెమ్మదిగా కదిలినా అసలు వ్యాగన్ కదిలినట్టే బరువుగా కదులుతుంది. అవే ట్యాంకర్లు వెనక పెట్టి అదే హెలిక్స్‌లోకి పంపాను, పలక తీసి పక్కన కూర్చుని ప్రతి చుట్టూ చూశాను. ఒక్క చక్రం లేవలేదు. అప్పటి నుంచి ఎన్ని రకాలుగా కలిపి పంపినా ఈ రకం వ్యాగన్ ఒక్కటీ అక్కడ ఒరగలేదు. కొత్త వ్యాగన్ తయారుచేసేవాళ్లు చేయగలిగిన పనుల్లో ఇంతకంటే గొప్పది నాకు తోచదు. కొనేవాళ్లు ఫొటోలో చూసేది మెట్లనీ పైపులనీ, అడుగు లోహంతో పోశారా లేదా అన్నది ఫొటోలో కనిపించదు. అయినా ఎవరో కూర్చుని, దానికి వేరే అచ్చు కావాలని తెలిసీ, ఇది నడవాలి అనుకుని చేశారు. అందుకు వాళ్లకి దండం పెట్టాలనిపించింది.

ఇక్కడ కొన్ని షరతులు చెప్పాలి. ముప్పై వ్యాగన్ల రేక్‌లో ఒక్కోదానికి 20 గ్రాములంటే మొత్తం 600 గ్రాములు ఎక్కువ. బల్ల మీద తిన్నగా పోయేటప్పుడు తెలియదు కానీ ఎక్కుడులో నా ఇంజన్ చక్రాలు అక్కడక్కడే తిరగడం మొదలుపెట్టాయి. అందుకే పూర్తిగా డైకాస్ట్ రేక్ నడపాలంటే రెండు ఇంజన్లు కట్టాలి, లేదా రేక్ తగ్గించాలి. లోహం మీద రంగు, ప్లాస్టిక్ మీద రంగు ఒకేలా కనిపించవు, పగటి వెలుతురులో అడుగు భాగం కాస్త ముదురుగా ఉంటుంది, కొద్దిగా మట్టి రంగు పూస్తే కలిసిపోతుంది. అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది జింక్ పెస్ట్. ఈ పోతకి వాడే జింకు, అల్యూమినియం మిశ్రమంలో సీసం లాంటి మలినం కొంచెం ఎక్కువైనా కొన్నేళ్లకు లోహం ఉబ్బి, వంకరపోయి, పగుళ్లు ఇస్తుంది, దానికి మందు లేదు. నా వ్యాగన్లు ఇప్పటివరకు నిక్కచ్చిగా ఉన్నాయి, అప్పుడప్పుడు స్టీలు స్కేలు ఆనించి చూస్తుంటాను. అలాంటి లోపం పైకి తేలడానికి ఇంకా ఏళ్లు పట్టొచ్చు, కాబట్టి ఈ విషయంలో హామీ ఇచ్చేంత కాలం నేను వాడానని అనుకోను.

మొదటి కంపెనీ వాటిని అమ్మలేదు, అమ్మను కూడా. వాటి గోడల పల్చదనం రెండోవాటిలో లేదు, దగ్గరగా ఫొటో తీయాలంటే ఇప్పటికీ వాటినే తీస్తాను. రేక్‌లో మాత్రం అవి ఎప్పుడూ చివరికే, వాటి వెనక ఏమీ తగిలించను. వెనక లాగుడు లేకపోతే 32 గ్రాములైనా హాయిగా ఎక్కుతాయి.

మీకు హెలిక్స్ లేకపోతే, వంపులు విశాలంగా ఉంటే, లేదా నాలుగైదు వ్యాగన్లతో షంటింగ్ చేసుకోవడమే మీ సరదా అయితే నేను పడిన తిప్పలు మీకు ఉండవు, అందంగా ఉన్నదే కొనుక్కోండి. అసలు అలాంటి చిన్న యార్డుకైతే హెచ్‌ఓనే మేలు, చేతికి అందే బరువు, కప్లర్ తగిలినప్పుడు వ్యాగన్ కదిలే తీరు వేరే. పొడవాటి బండి, ఇరుకు చోటు, మధ్యలో ఎక్కుడు ఉన్న నాలాంటి వాళ్లకు టీటీయే సరైనదని ఇప్పటికీ అంటాను, అయితే ఓపెన్ వ్యాగన్ కొనే ముందు అది ఎన్ని గ్రాములో అడిగి తెలుసుకోండి. పెట్టె మీద ఆ అంకె వేసిన కంపెనీ ఇంతవరకు నాకు కనపడలేదు. ఈసారి కొత్త వ్యాగన్ ప్రకటన రాగానే నేను రాసి అడిగింది అదే, జవాబు వచ్చేదాకా ముందస్తు ఆర్డర్ పెట్టడం లేదు.