ఫ్రాన్స్‌లో మోటార్‌హోమ్‌తో రాత్రి బస: మేము వాడిన సర్వీసుల మీద నా రివ్యూ

మోటార్‌హోమ్ అద్దెకు తీసుకునేటప్పుడు బండి గురించి అందరం పది రకాలుగా విచారిస్తాం. ఎన్ని పడకలు, ఫ్రిజ్ ఎంత, గేర్లు ఆటోమేటికా కాదా అని. రాత్రికి ఎక్కడ ఆగాలన్నది మాత్రం అక్కడికి వెళ్లాక చూసుకుందాంలే అని వదిలేస్తాం. నా అనుభవంలో ప్రయాణం హాయిగా సాగడం ఎక్కువగా దాని మీదే ఆధారపడి ఉంటుంది. మా ఇంట్లో స్టీరింగ్ మా ఆయనది, బస వెతికే పని నాది. బండి ఏడు మీటర్లకు కాస్త తక్కువ, బరువు 3.5 టన్నుల లోపు. లోపల మేమిద్దరం, పన్నెండేళ్ల మా అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య. కాబట్టి నా మార్కులు మాలాంటి కుటుంబానికి పనికొచ్చే మార్కులు. ఒంటరిగా చిన్న వ్యాన్‌లో తిరిగే కుర్రాళ్లకు లెక్క వేరు.

ముందే చెప్పేస్తాను. పొలాల్లో, తోటల్లో ఉచితంగా ఆగనిచ్చే ఫ్రాన్స్ పాసియోన్ పథకానికి ఐదుకు ఐదు. డబ్బు కట్టి ఆగే క్యాంపింగ్-కార్ పార్క్ చోట్లకు నాలుగు. మ్యాప్ యాప్‌లలో కనిపించే ఉచిత పార్కింగ్ చోట్లకు రెండున్నర, అది కూడా పగలు వెళ్లి చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకే.

ఫ్రాన్స్ పాసియోన్ 1993లో మొదలైంది. ద్రాక్షతోటల వాళ్లు, మేకల పెంపకందార్లు, చీజ్ చేసేవాళ్లు, తేనెటీగలు పెంచేవాళ్లు తమ స్థలంలో ఒక రాత్రి ఉచితంగా ఆగనిస్తారు. ఏడాదికోసారి సభ్యత్వ రుసుము కట్టాలి, వాళ్లిచ్చే స్టిక్కర్ అద్దానికి అంటించాలి. దేశమంతటా రెండు వేలకు పైగా చోట్లున్నాయి. నియమాలు కొన్నే అయినా గట్టివి. బండిలో సొంత టాయిలెట్, వాడిన నీళ్లకు ట్యాంకు ఉండి తీరాలి. కారు వెనక లాక్కెళ్లే కారవాన్లకు, గుడారాలకు చోటు లేదు. ఉండగలిగేది 24 గంటలు. వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ ఇంటివాళ్లను పలకరించాలి. ఏదైనా కొనాలన్న బలవంతం లేదు.

ఈ చివరి మాటే మా అత్తయ్యకు టెన్షన్. "ఊరికే ఉండమంటారా ఎవరైనా? కొనకపోతే ఏమనుకుంటారో" అని మొదటి సాయంత్రం బండి దిగనే లేదు. అది లోయిర్ నది దగ్గర వూవ్రే ప్రాంతంలో ఒక ద్రాక్షతోట. అక్కడ కొండరాయి తెల్లగా, మెత్తగా ఉంటుంది, టూఫో అంటారు. ఆ రాయిని తొలిచి చేసిన గుహల్లోనే వైన్ నిల్వ చేస్తారు. ఎండాకాలం మధ్యాహ్నమైనా లోపల చల్లగా ఉంటుంది. తోట యజమానురాలు మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి చూపించింది. మాలో మద్యం తాగేవాళ్లు లేరని సైగలతో, ఫోన్ అనువాదంతో చెప్పాం. ఆవిడ ఏమీ అనుకోలేదు. పక్క అల్మారా నుంచి తమ తోట ద్రాక్షరసం సీసా తీసి అబ్బాయికి గ్లాసు పోసింది. మేమూ రెండు సీసాలు కొన్నాం. మొహమాటంతో కాదు, రుచి నచ్చి. మర్నాడు పొద్దున వెళ్లొస్తామని ఆవిడకు చెప్పడానికి అందరికంటే ముందు దిగింది మా అత్తయ్యే.

దక్షిణంగా కొంచెం దూరంలో సెంత్-మోర్ చీజ్ చేసే మేకల ఫారం ఒకటి. ఆ చీజ్ పొడుగ్గా దుంగలా ఉంటుంది, నడిమధ్య ఒక రై గడ్డి పుల్ల దూర్చి ఉంటుంది. ఆ పుల్ల మీద తయారీదారు గుర్తు చెక్కి ఉంటుందని మా అబ్బాయి కనిపెట్టి, భోజనం మానేసి దాన్ని శుభ్రం చేసి చదువుతూ కూర్చున్నాడు. సాయంత్రం పాలు పితికే వేళకు చేరితే వాళ్లే రమ్మని చూపిస్తారు. ఏ క్యాంప్‌సైట్‌లోనూ డబ్బిచ్చి కొనలేనిది ఇది. అందుకే ఐదు మార్కులు.

అయితే అక్కడ సాధారణంగా ఏ వసతీ ఉండదని తెలిసే వెళ్లాలి. కరెంటు ఉండదు, స్నానాల గదులుండవు, చాలాచోట్ల నీళ్లు కూడా ఉండవు. టాయిలెట్ క్యాసెట్ (టాయిలెట్ కింద ఉండే, బయటికి లాగి ఖాళీ చేసే డబ్బా) పారబోసే చోటు మరీ అరుదు. కొందరు పొలం పక్క కాలువలోనో, ఇంటివాళ్ల సెప్టిక్ ట్యాంకులోనో గుట్టుగా వంపేస్తారని విన్నాను. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. క్యాసెట్‌లో వేసే రసాయనం సెప్టిక్ ట్యాంకులోని బ్యాక్టీరియాను చంపుతుంది, ఆ ఇంటి వ్యవస్థ మొత్తం పాడవుతుంది. నమ్మి చోటిచ్చిన మనిషికి చేసే ద్రోహం అది. కుర్చీలు, బల్ల బయట వేసుకోవాలన్నా ముందు అడగాలి. సెప్టెంబరులో ద్రాక్ష కోతల కాలం, వాళ్లకు ఊపిరి సలపదు. అప్పుడు వెళ్తే పలకరింపు రెండు మాటల్లో ముగించి పక్కకు తప్పుకోవడమే మర్యాద.

అసలు నా మాట ఇక్కడే ఉంది. రాత్రి బసను అందం చూసి ఎంచుకోవద్దు, ట్యాంకులు చూసి ఎంచుకోండి. మామూలు క్యాసెట్‌లో పట్టేది పద్దెనిమిది, ఇరవై లీటర్లు. నలుగురం పొదుపుగా వాడినా రెండు రోజులకు ఎర్ర దీపం వెలుగుతుంది. మంచినీళ్లు వంద లీటర్ల చిల్లర, వంటకు, గిన్నెలకు, పొదుపు స్నానాలకు అదీ అంతే. అందుకని నేను రెండు రాత్రులు పొలాల్లో, మూడో రాత్రి అన్ని వసతులున్న చోట అని ముందే ముడి వేసుకుంటాను. ఆ మూడో రాత్రికి నా ఎంపిక ఎక్కువసార్లు క్యాంపింగ్-కార్ పార్క్.

ఇది మోటార్‌హోమ్‌ల కోసమే ఉన్న ఏర్‌ల, అంటే రాత్రి ఆగే స్థలాల, గొలుసు, కొన్ని పాత మునిసిపల్ క్యాంప్‌సైట్లను ఇలా మార్చినవి. పాస్ ఎతాప్ అని ఒక కార్డు, ఒకసారి కొంటే జీవితకాలం పనిచేస్తుంది. అందులో డబ్బు వేసుకోవడం, గేటు దగ్గర చూపడం, లోపలికి వెళ్లడం. ఏ వేళకైనా గేటు తెరుచుకుంటుంది, మనిషి కోసం ఎదురుచూడక్కర్లేదు. ఎన్ని ఖాళీలున్నాయో యాప్‌లో అప్పటికప్పుడు కనిపిస్తుంది. పగలంతా బండి నడిపి అలసిన మా ఆయనకు, 'అక్కడ చోటు ఉంది' అని నేను ఖాయంగా చెప్పగలగడం ఎంత పెద్ద సుఖమో. చాలాచోట్ల కరెంటు, నీళ్లు, వ్యర్థం పారబోసే చోటు, వైఫై అన్నీ రాత్రి రుసుములోనే. స్థానిక పర్యాటక పన్ను వేరుగా పడుతుంది. గంటల ప్రకారం 24 గంటల లెక్క కాబట్టి సాయంత్రం ఐదుకు వస్తే మర్నాడు ఐదు దాకా మనదే. పొద్దున బండి అక్కడే ఉంచి ఊరు చూసి రావచ్చు.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, బళ్లు వరుసగా నిలబడి ఉండే చోటు అది. కొన్నింటిలో చెట్లుంటాయి, కొన్ని వట్టి తారు నేల. బుక్ చేసే ముందు ఫొటోలు తప్పక చూడండి. కరెంటు ఎన్ని ఆంపియర్లో కూడా చూసుకోండి. ఫ్రాన్స్‌లో చాలా బసల్లో ఇచ్చేది 6 ఆంపియర్లే, అంటే సుమారు 1,380 వాట్లు. ఇంట్లో వాడే 2,000 వాట్ల కెటిల్ పెట్టారంటే ఫ్యూజు పోతుంది. మేము తక్కువ వాట్ల కెటిల్ ఒకటి కొని బండిలో పడేశాం, వంటంతా గ్యాస్ మీదే.

ఊళ్లు సొంతంగా నడిపే మునిసిపల్ ఏర్‌లు మరో రకం. చిన్న ఊళ్లలో పది యూరోల లోపే, కొన్నిచోట్ల ఉచితం. నీళ్లు ఇచ్చే యంత్రాన్ని బోర్న్ అంటారు, కొన్ని కార్డుతో, కొన్ని చిల్లరతో, కొన్ని జెతోన్ అనే బిళ్లతో పనిచేస్తాయి. ఆ బిళ్ల పక్కనున్న బేకరీలోనో, టూరిస్ట్ ఆఫీసులోనో దొరుకుతుంది. అవి మూసేశాక చేరితే రాత్రికి నీళ్లు లేనట్టే. బడ్జెట్ తక్కువైతే వీటిని మించినవి లేవు. నార్మండీ తీరంలోని ఓన్‌ఫ్లూర్ రేవు దగ్గరిది రెండు వందలకు పైగా బళ్లు పట్టే పెద్దది, పాత ఓడరేవుకు నడిచి వెళ్లిపోవచ్చు. సముద్రంలో రాతి దిబ్బ మీద పాత మఠం ఉన్న మోఁ-సెం-మిషెల్ చూడాలనుకుంటే బోవ్వార్ ఊళ్లో ఉన్న మోటార్‌హోమ్ ఏర్‌లో ఆగి, కూస్నోఁ నది వెంట సైకిల్ మీద వెళ్లడం మా అబ్బాయికి ఆ యాత్రలోకెల్లా ఇష్టమైన రోజు.

ఊరి చౌకులో ఆగేటప్పుడు బోర్డు పూర్తిగా చదవండి. వారానికోరోజు అక్కడ సంత జరుగుతుంది, ఆ రోజు తెల్లవారుజాముకే చోటు ఖాళీ చేయాలి, లేకపోతే బండి లాక్కెళ్తారు. చర్చి గంటల సంగతి కూడా చెప్పాలి. కొన్ని ఊళ్లలో రాత్రంతా గంట గంటకీ కొడతాయి, ఒక్కోచోట అదే గంట రెండుసార్లు. మా అత్తయ్యకు నిద్ర తేలిక, అందుకని మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం పెట్టి చర్చి, రైలు పట్టాలు ఎంత దూరమో చూశాకే ఖాయం చేస్తాను.

ఇక యాప్‌లు. పార్క్‌ఫర్‌నైట్, క్యాంపర్‌కాంటాక్ట్ రెండూ నా ఫోన్‌లో ఉన్నాయి. రెండోది నెదర్లాండ్స్ మోటార్‌హోమ్ క్లబ్బు ఎన్‌కెసి నడిపేది. వీటిని నేను బస ఎంచుకోవడానికి కాదు, ఎంచుకున్న బసను సరిచూసుకోవడానికి వాడతాను. నక్షత్రాల సగటు చూడటం దండగ. ఎవరు రాశారు, ఏ నెలలో రాశారు, ఎంత బండిలో వచ్చారు, ఇవి చూడాలి. ఒక యాప్‌లో నాలుగున్నర నక్షత్రాలున్న చెరువు గట్టు ఒకటి మాకు దొరికింది. వెళ్తే రెండు మీటర్ల ఎత్తుకు ఇనుప అడ్డం బిగించి ఉంది, మా బండి ఎత్తు మూడు మీటర్లకు దగ్గర. మెచ్చుకున్నవాళ్లంతా చిన్న వ్యాన్లవాళ్లు. చీకటి పడుతోంది, ఇరుకు దారిలో వెనక్కి తిప్పుతుంటే మా ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. ఇలాంటి చోటుకు పగలే వెళ్లాలనేది అందుకే.

ఉచిత చోట్ల గురించి చట్టం సంగతీ తెలిసి ఉండాలి. ఫ్రాన్స్‌లో పార్కింగ్ అనుమతి ఉన్నచోట మోటార్‌హోమ్ నిలిపి లోపల పడుకోవడం వేరు, గుడారం గుడ్డ బయటికి చాపి, కుర్చీలు వేసి కూర్చోవడం వేరు. రెండోది క్యాంపింగ్ కింద లెక్క. సముద్ర తీరాల్లో, రక్షిత ప్రాంతాల్లో దానికి నిషేధం ఉంటుంది. మేయర్లు తమ ఊళ్లో రాత్రి పార్కింగ్‌కు కూడా ఆంక్షలు పెట్టగలరు. బోర్డు ఉంటే బోర్డుదే మాట. యాప్‌లో ఎంతమంది బాగుందని రాసినా, స్థానికులు విసిగిపోయి అడ్డుకంబాలు పాతించిన చోట్లు ఏటా పెరుగుతున్నాయి. చెత్త వదలకుండా, ఒక్క రాత్రే ఉండి వెళ్లిపోతే మన తర్వాత వచ్చేవాళ్లకూ ఆ చోటు మిగులుతుంది.

హైవే మీద ఉండే రెస్ట్ ఏరియాలు మాత్రం రాత్రి నిద్రకు వద్దు. అక్కడ దొంగతనాలు జరుగుతుంటాయని, పడుకోవద్దని మోటార్‌హోమ్ క్లబ్బులు ఎప్పటి నుంచో హెచ్చరిస్తున్నాయి. మా అత్తయ్య, అబ్బాయి ఉండగా ఆ సాహసం ఎందుకు? హైవే దిగి ఐదారు కిలోమీటర్లు లోపలికి వెళ్తే చాలాసార్లు ఏదో ఒక ఊరి ఏర్ దొరుకుతుంది.

పక్క దేశాలకు దాటితే నియమాలు మారిపోతాయి. జర్మనీలో చాలా ఊళ్లలో ష్టెల్‌ప్లాట్స్ (మోటార్‌హోమ్‌లు ఆగే చోట్లు) ఉంటాయి, పొలాల్లో ఆగాలంటే ల్యాండ్‌ఫెర్‌గ్న్యూగెన్ అనే సభ్యత్వ పథకం ఉంది, ఫ్రాన్స్ పాసియోన్ లాంటిదే. క్రొయేషియాలో క్యాంప్‌సైట్లు, అనుమతి ఉన్న చోట్లు కాక ఇంకెక్కడా రాత్రి ఉండకూడదు, జరిమానా గట్టిగా వేస్తారు. నార్వేలో, స్కాట్లండ్‌లో ప్రకృతిలో ఎక్కడైనా తిరగొచ్చన్న హక్కు గురించి వినే ఉంటారు, అది నడిచేవాళ్లకు, గుడారం వేసుకునేవాళ్లకే, మోటారు వాహనాలకు వర్తించదు.

జులై, ఆగస్టుల్లో వెళ్లేవాళ్లు ఒక్క సంగతి పట్టించుకుంటే చాలు. ముందు రాత్రి ఉన్నవాళ్లు పొద్దున పదకొండు, పన్నెండు మధ్య బయల్దేరతారు. చోటు దొరికేది అప్పుడే. సాయంత్రం ఆరుకు వస్తే పేరున్న ఊళ్లలో వరుసలన్నీ నిండిపోయి ఉంటాయి. ఫ్రాన్స్‌లో సెలవులైన జులై 14, ఆగస్టు 15 చుట్టూ వచ్చే వారాంతాల్లో మరీను, అప్పుడు నేను సముద్రం వైపు వెళ్లను, లోపలి పల్లెల్లోకి పోతాను. చలికాలంలో వెళ్తే గడ్డకట్టకుండా చాలా ఏర్‌లలో నీళ్లు ఆపేస్తారు. అప్పుడు నీళ్లు వస్తాయని ఈమధ్యే ఎవరో రాసిన చోటునే మూడో రాత్రికి ఎంచుకోండి.