కొస నుంచి కొస దాకా ఒకే వెలుగు: పావెల్ లెన్స్ లేజర్ ప్రొజెక్టర్‌పై సమీక్ష

కారు తలుపులకు బిగించే నల్ల రబ్బరు పట్టీల ఎత్తును కన్వేయర్ మీదే కొలవడానికి మా విభాగం పావెల్ లెన్స్ అమర్చిన 660 నానోమీటర్ల ఎర్ర లేజర్ ప్రొజెక్టర్‌ను కొన్నది. ఇది పట్టీపై సన్నని వెలుగు గీత వేస్తుంది, ఆ గీత ఎక్కడ పడిందో పక్క నుంచి కెమెరాతో చూసి ఎత్తు లెక్కిస్తాము. అంతకుముందు సిలిండర్ లెన్స్ ఉన్నదానితోనే నెట్టుకొచ్చాము. అది గీత గీసేదే గాని వెలుగును సమంగా పంచేది కాదు. నడుమ కళ్లు చెదిరే కాంతి, కొసల్లో మసక. రబ్బరు వెలుగును మింగేస్తుంది కాబట్టి కొసలు కనబడాలని ఎక్స్‌పోజర్ పెంచితే నడిమి పిక్సెళ్లు 255 వద్ద, అంటే కెమెరా చూపగల గరిష్ఠ వెలుగు వద్ద, నిండిపోయి గీత లావెక్కేది, ఎత్తు లెక్క తప్పేది. తగ్గిస్తే పట్టీ అంచులే మాయమయ్యేవి.

పావెల్ లెన్స్ ముందు తలం ఇంటి కప్పు వెన్నులా గుండ్రంగా ఉండి, నడిమి కాంతిని ఇరుపక్కలకు తోస్తుంది. కెమెరా లెన్స్ తన వంతుగా అంచులను కొంత చీకటి చేస్తుంది కనుక, తెల్ల అట్టపై గీత వేసి, కెమెరానే గీత వెంట జరుపుతూ ఎప్పుడూ కెమెరా నడిమి పిక్సెళ్లతోనే వెలుగును కొలిచాము. నడుముకూ కొసలకూ తేడా స్వల్పమే. ఇప్పుడు ఒకే ఎక్స్‌పోజర్‌తో పట్టీ మొత్తం కనబడుతోంది.

అయితే అమ్మకందారు చెప్పే సమత్వం గీతలో నడిమి 80 శాతానికే వర్తిస్తుంది. 30 డిగ్రీల కోణంతో 500 మిల్లీమీటర్ల దూరంలో గీత సుమారు 268 మిల్లీమీటర్లు పడుతుంది. అందులో నమ్మదగినది 214 మాత్రమే. మా బెల్టు వెడల్పు 200 కావడం మా అదృష్టం.

మొదట వచ్చిన యూనిట్‌లో ఎడమ కొస స్పష్టంగా మసకబారింది. లేజర్ పుంజం లెన్స్ వెన్నుకు సరిగ్గా ఎదురుగా పడకపోతే ఇలాగే ఒక పక్క మొగ్గుతుంది. తిప్పి పంపితే మారు మాట లేకుండా మార్చి ఇచ్చారు గాని, ఆ 3 వారాలు లైన్ పాత ప్రొజెక్టర్‌తోనే నడిచింది. ఇంత ధర పెట్టినప్పుడు ప్రతి యూనిట్‌తో పాటు దాని సొంత కాంతి గ్రాఫ్‌ను ఇవ్వవలసింది. మాకు అందినది మోడల్ మొత్తానికి చెందిన ఒకే ఒక్క అంకె. కొనేవారు ఆర్డర్‌లోనే ఆ గ్రాఫ్ కావాలని రాయించుకోవడం మంచిది.