ఎంబీఏ చేయాలా, సొంత కంపెనీ పెట్టాలా?

నాలుగేళ్ల ఉద్యోగం, కాస్త పొదుపు చేతిలో ఉన్నవాళ్లను పట్టి పీడించే ప్రశ్న ఇది.

ఖర్చు: అహ్మదాబాద్ ఐఐఎంలో రెండేళ్ల కోర్సు ఫీజు పాతిక లక్షల పైనే. వదులుకున్న జీతం అదనం. కంపెనీ చిన్నగా మొదలుపెట్టొచ్చు, కానీ ఎంత పోయాక ఆపేయాలో ముందే రాసిపెట్టుకోవాలి.

శ్రమ: ఎంబీఏకు సిలబస్ ఉంది, గడువుంది. కంపెనీలో అసలు కష్టం వసూళ్లది. ఈ నెల మూడు లక్షల బిల్లు వేశారనుకోండి. 18 శాతం జీఎస్టీ అంటే 54 వేలు. ఇన్‌పుట్ క్రెడిట్ (మీ కొనుగోళ్ల మీద ఇప్పటికే కట్టిన జీఎస్టీ) పోను మిగిలింది మామూలుగా వచ్చే నెల 20లోపు కట్టాలి, కస్టమర్ ఇంకా పైసా ఇవ్వకపోయినా సరే. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని చట్టం ఉన్నా, పెద్ద కస్టమర్‌ను గట్టిగా అడగడానికి నోరు రాదు. కాగితం మీద లాభాలున్న కంపెనీలు కూడా డబ్బు ఆడక మూతపడేది ఇక్కడే.

రిస్కు: ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ కోర్సయ్యాక మొదలైనా, వడ్డీ డబ్బు తీసుకున్న రోజు నుంచే పడుతుంది. కంపెనీ పోతే చేతిలో డిగ్రీ కూడా ఉండదు. అమ్మానాన్నల ఇల్లు తాకట్టు పెట్టి మొదలుపెట్టడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఎవరికి ఏది: ఫణీంద్ర సామ 2006లో ఇద్దరు మిత్రులతో కలిసి, ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పెట్టారు. ముగ్గురూ ఇంజినీర్లే. అంతకుముందు పండక్కి బస్సు టికెట్ దొరక్క ఫణీంద్ర తానే ఇబ్బంది పడ్డారు. అలా సమస్య మీకు స్వయంగా తెలిసి, డబ్బిచ్చే కస్టమర్ ఒక్కరైనా దొరికితే కంపెనీ వైపు వెళ్లండి. కన్సల్టింగ్‌లోకో ఫైనాన్స్‌లోకో మారాలంటే ఎంబీఏనే దగ్గరి దారి. ఉన్నదల్లా బాస్ మీద విసుగే అయితే, ఇప్పటికి రెండూ వద్దు. ముందు ఉద్యోగం మారండి.