జీపార్టెడ్ రివ్యూ: అంతా ఫార్మాట్ కొట్టకుండా విండోస్ 11

హనుమకొండలో మా బాబాయి డీటీపీ సెంటర్‌లో ఒక అసెంబుల్డ్ సిస్టమ్ ఉంది, 8వ జనరేషన్ ఐ3, ఒక టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి 11 ఎక్కిద్దామంటే సెటప్ మొండికేసింది: డిస్క్‌లో ఎంబీఆర్ టేబుల్ (డిస్క్ ముక్కల లెక్క రాసుకునే పాత పద్ధతి) ఉంది, కొత్త పద్ధతి జీపీటీ ఉంటేనే ఎక్కుతుందట. షాపులో అడిగితే అందరిదీ ఒకే మాట, మొత్తం ఫార్మాట్ కొట్టాలి అన్నా అని. డేటా ఎలాగోలా కాపీ పెట్టుకోవచ్చు గానీ, సీ డ్రైవ్‌లో ఉన్న అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ప్రింటర్ సెట్టింగులు మళ్ళీ మొదటి నుంచి ఎవరు చేస్తారు?

విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అని ఒక టూల్ ఉంటుంది, డేటా పోకుండా ఎంబీఆర్‌ని జీపీటీగా మారుస్తుంది. కాకపోతే ప్రైమరీ పార్టిషన్లు (డిస్క్‌లో నేరుగా చేసిన ముక్కలు) మూడుకు మించి ఉండొద్దు, ఎక్స్‌టెండెడ్ (లోపల ఇంకొన్ని డ్రైవ్‌లను పెట్టుకునే పెద్ద ముక్క) అసలే ఉండొద్దు. మన దగ్గర సిస్టమ్ అసెంబుల్ చేసేవాళ్ళకు డీ, ఈ, ఎఫ్ అని ముక్కలు చెయ్యకపోతే నిద్ర పట్టదు కదా, అవన్నీ ఎక్స్‌టెండెడ్‌లోనే ఉంటాయి. ఆ చిక్కు విప్పడానికి వాడిందే జీపార్టెడ్, డిస్క్ పార్టిషన్లను తీసేసే, కుదించే, జరిపే సాఫ్ట్‌వేర్.

పైసా ఖర్చు లేదు. లైవ్ ఫైల్‌ని (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే కాపీ) రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాంతో బూట్ చేస్తే కీబోర్డ్ ఏది, భాష ఏది అని అడుగుతుంది, ఎంటర్ కొట్టుకుంటూ పోవడమే. డేటా అంతా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పెట్టుకున్నాక ఈ, ఎఫ్ డ్రైవ్‌లు తీసేసి, ఎక్స్‌టెండెడ్‌ని డీ వరకు కుదించి, బయట వచ్చిన ఖాళీలో డీని ప్రైమరీగా కాపీ చేసి, పాత డీని, ఆ ఎక్స్‌టెండెడ్‌ని లేపేశాను. ఆ తర్వాత ఎంబీఆర్2జీపీటీ కిక్కురుమనకుండా పని చేసింది. బయోస్‌లో లెగసీ అనే పాత బూట్ పద్ధతి తీసి కొత్తదైన యూఈఎఫ్ఐ పెట్టి, పాత విండోస్ మీదే 11కి అప్‌గ్రేడ్ కొట్టాం, సీ డ్రైవ్‌లో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

నచ్చిందేంటంటే, మీరు చెప్పిన పనులన్నీ కింద వరుసగా రాసి పెట్టుకుంటుంది, అప్లై నొక్కేదాకా డిస్క్‌ని ముట్టుకోదు. నచ్చనివి కూడా ఉన్నాయి. సీ, డీ అనే అక్షరాలే కనబడవు, ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 అని చూపిస్తుంది, అందుకే ముందే విండోస్‌లో డ్రైవ్‌లకు పేర్లు పెట్టుకోండి, లేదంటే సైజు చూసి పోల్చుకోవాలి. అప్లై నొక్కాక అన్‌డూ లేదు. హార్డ్ డిస్క్‌లో పెద్ద పార్టిషన్ జరపడమో కాపీ చేయడమో పెడితే గంటలు పడుతుంది, జరుపుతుండగా మధ్యలో కరెంటు పోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే, యూపీఎస్ లేకుండా ఎండాకాలంలో దీని జోలికి పోకండి. ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (సిస్టమ్‌ని పూర్తిగా ఆపకుండా సగం నిద్రపుచ్చే సెట్టింగ్) ఆపి షట్‌డౌన్ చేయాలి, లేకపోతే ఆ పార్టిషన్ పక్కన హెచ్చరిక గుర్తు చూపించి సైజు మార్చనివ్వదు.

అయిదుకి నాలుగు ఇస్తా. బిట్‌లాకర్ (డిస్క్‌లో డేటాకి తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లకు మాత్రం ఇది పనికిరాదు, బిట్‌లాకర్ పూర్తిగా ఆపేదాకా సైజు మార్చలేదు. వాటిలో కాస్త జాగా కావాలంటే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ష్రింక్ (కుదించడం) చాలు.