నేవీ వదిలేసిన గస్తీ బోటు, 14 నంబరు వాల్వ్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

మా బోటు ఇంజిన్ గదిలో 14 నంబరు వాల్వ్ పక్కన బొటనవేలంత ఇత్తడి పలక ఒకటి ఉంది. అంకెలు లోతుగా చెక్కి ఉంటాయి. కళ్లు మూసుకుని వేలితో తడిమినా తెలిసిపోతుంది. తొమ్మిదేళ్ల క్రితం ఈ బోటు కొన్నప్పుడు ఆ పలకను నేను చూడనైనా లేదు. నా చూపంతా ఇంజిన్ల మీదే ఉండేది. ఇప్పుడు ఎవరైనా "సర్వీసు నుంచి తీసేసిన నేవీ గస్తీ బోటు కొనుక్కోవచ్చా?" అని అడిగితే ముందు ఆ పలక గురించే చెబుతాను.

పొడవెంత, వేగమెన్ని నాట్లు, ఎన్ని బెర్తులు లాంటివి అమ్మకపు కాగితాల్లోనే దొరుకుతాయి, వాటి జోలికి పోను. మేము దీన్ని డైవింగ్ పనులకూ, సముద్రపు అడుగును సర్వే చేసే పరికరాలు లాగడానికీ వాడుతున్నాం. బోటు మీద ఉండేది నలుగురం: నేను, మెకానిక్ పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్లు. నేవీలో ఉన్నప్పుడు ఇదే బోటును పద్నాలుగు మంది చూసుకునేవారట. ఈ తేడా మొదట్లో నాకు పెద్ద విషయంగా అనిపించలేదు.

ఈ బోట్లలో నంబరు లేని వస్తువంటూ ఉండదు. ప్రతి గదికీ, ప్రతి తలుపుకీ, ప్రతి వాల్వ్‌కీ, ఆఖరికి ప్రతి వైరుకీ ఒకటి ఉంటుంది. అమెరికా నౌకాదళం పద్ధతినే తీసుకోండి. గది తలుపు మీద 2-45-1-ఇ లాంటి గుర్తు ఉంటుంది. 2 అంటే డెక్కు, 45 అంటే ముందు నుంచి లెక్కపెట్టిన ఫ్రేము (బోటు పక్కటెముక), 1 అంటే మధ్యగీతకు కుడివైపు మొదటి గది, ఇ అంటే యంత్రాల గది. బేసి అంకె కుడి, సరి అంకె ఎడమ, సున్నా అయితే నడిమధ్య. మా బోటుది వేరే నేవీ, వేరే పద్ధతి. కానీ ఈ సరి బేసి సూత్రం మాత్రం అదే, పైగా వాల్వ్‌లకు కూడా వర్తిస్తుంది. గొట్టాలకు రంగు పట్టీలు ఉంటాయి. సముద్రపు నీటికి ఆకుపచ్చ, మంచినీటికి నీలం, ఇంధనానికి గోధుమరంగు, మంటలార్పే లైనుకు ఎరుపు.

నేను అంతకుముందు పనిచేసిన పడవల్లో ఏ వాల్వ్ ఎక్కడుందో ఓనరు తలలో మాత్రమే ఉండేది. ఆయన ఒడ్డున ఉంటే పడవలో ఉన్నవాళ్లు వెతుక్కోవాల్సిందే. నేవీలో మనుషులు మారుతూనే ఉంటారు. నిన్న వచ్చి చేరినవాడికి కూడా, అర్ధరాత్రి నిద్రలో లేచి, పొగలో చీకట్లో వణుకుతూ దిగినా సరే, వాల్వ్ చేతికి దొరకాలి. ఆ అవసరంలోంచి పుట్టిన పద్ధతి ఇది.

దాని విలువ మాకు మూడో ఏడాదిలో తెలిసింది. రాత్రి రెండున్నర దాటింది. ఒడ్డుకు నాలుగు గంటల దూరంలో ఉన్నాం. సర్వే పరికరం లాగుతూ మెల్లగా పోతున్నాం. బిల్జ్‌లో, అంటే బోటు అట్టడుగున, నీళ్లు చేరితే మోగే అలారం మోగింది. అది అంతకుముందు చాలాసార్లు ఉత్తుత్తినే మోగిందని డ్యూటీలో ఉన్న కుర్రాడు కొన్ని నిమిషాలు పట్టించుకోలేదు. తర్వాత లైట్లు మొత్తం పోయాయి. అప్పుడు కిందికి తొంగిచూసి నన్ను లేపాడు.

"అన్నా, ఇంజిన్ గదిలో నీళ్లు! ఫ్లోరు ప్లేట్లు మునిగిపోయాయి!"

ఎడమ జనరేటర్‌కు సముద్రపు నీరు లాక్కునే రెండంగుళాల హోస్ ఊడిపోయింది. వాటర్‌లైన్‌కు (బయట సముద్రపు నీటి మట్టానికి) మీటరున్నర కింద రెండంగుళాల కన్నం పడితే ఎన్ని నీళ్లొస్తాయో తర్వాత లెక్క కట్టాను. నిమిషానికి దాదాపు 380 లీటర్లు. అంటే గంటకు ఇరవై టన్నులకు పైనే. మా బిల్జ్ పంపు అందులో సగం కూడా తోడలేదు. అసలు జనరేటరే ఆగిపోవడంతో దానికి కరెంటే లేదు.

టార్చి పట్టుకుని దిగాను. చిమ్ముతున్న నీటి తుంపర మీద పడి ఆ వెలుతురు తెల్లటి గోడలా ఎదురుగా నిలబడిపోయింది, దాని వెనక ఏమీ కనపడలేదు. మెట్ల దగ్గర, తలుపు లోపలివైపు, ఒక పటం స్క్రూలతో బిగించి ఉంటుంది. ఇంజిన్ గది మొత్తం గీసి, వాల్వ్‌ల నంబర్లు వేసి, పక్కన పట్టిక. మూడేళ్లు దాని ముందు నుంచే నడిచాను. ఆ రాత్రి మొదటిసారి చదివాను. "14: ఎడమ జనరేటర్, సముద్రపు నీరు." దాని కిందే, ఎర్ర అక్షరాల్లో: "17: అత్యవసర బిల్జ్, కుడి మెయిన్ ఇంజిన్ పంపు. 17 తెరిచాక 15 మూయాలి."

అంటే మెయిన్ ఇంజిన్‌ను చల్లబరచడానికి సముద్రం నుంచి నీళ్లు లాగే పెద్ద పంపును, సముద్రం వైపు వాల్వ్ (15) మూసేసి, బోటు లోపల చేరిన నీళ్లనే (17 గుండా) లాగేలా మళ్లించవచ్చు. ఓడల్లో ఇది మామూలు ఏర్పాటే. కానీ మా బోటులో ఉందని మాలో ఎవరికీ తెలియదు.

14 సరి అంకె కాబట్టి ఎడమ. కుర్రాణ్ని కుడివైపు పంపాను. నేను ప్లేట్ల మీద బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి నీళ్లలో పెట్టి, వరసగా తడమడం మొదలుపెట్టాను. మొదటి పలక, వేలికొస కింద ఒకటి, సున్నా. తర్వాతది ఒకటి, రెండు. ఆ తర్వాతది ఒకటి, పక్కన త్రికోణంలా కొక్కెం: నాలుగు. ఇప్పటికీ ఆ నాలుగు ఆకారం వేలికి గుర్తుంది. చక్రం తిప్పాను. నాలుగు చుట్లు సాఫీగా తిరిగి, పట్టేసింది. ఇంకా రెండు చుట్లు మిగిలి ఉన్నాయి. పెద్దాయన వచ్చి పైపు రెంచి చక్రం ఆకుల మధ్య దూర్చి బలమంతా పెట్టి తిప్పారు. మూసుకుంది.

అవతల కుర్రాడు "17 తెరిచానన్నా, 15 మూస్తున్నా" అని అరిచాడు. పెద్దాయన పైకెళ్లి కుడి ఇంజిన్ వేగం పెంచారు. నీళ్లు తగ్గడం కంటికి తెలిసింది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది: లోపల నీళ్లు అయిపోయే ముందే 15 మళ్లీ తెరవాలి, లేకపోతే పంపు ఖాళీగా తిరిగి కాలిపోతుంది, ఇంజిన్ కూడా వేడెక్కిపోతుంది. అదీ ఆ పటం మీద ఒక్క వాక్యంలో రాసి ఉంది. ఎవరు రాశారో తెలియని ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను.

ఈ సంగతి చాలాకాలం అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. "నేవీ బోటు అంటే అదీ" అని. కొన్నాళ్లకు పెద్దాయన కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పారు. మొదటిది, ఊడిన హోస్ నేవీది కాదు. అక్కడ మొదట లోహపు గొట్టం ఉండేది. తుప్పు పట్టిందని తీసేసి, తొందరగా అయిపోతుందని రబ్బరు హోస్ పెట్టింది మేమే. దానికి రెండు క్లాంపులు ఉండాల్సిన చోట ఒక్కటే బిగించాం. రెండోది, 14 నంబరు పట్టేసింది ఎందుకంటే మూడేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా పూర్తిగా మూసి తెరవలేదు. నేవీలో ప్రతి వాల్వ్‌ను ఏ వారం తిప్పాలో, ఏ నెల గ్రీజు పెట్టాలో షెడ్యూలు ఉంటుంది, సంతకం పెట్టి చేస్తారు. ఆ పని చేసేవాళ్లు పద్నాలుగు మంది. పలకలైతే బోటుతో పాటు మాకొచ్చాయి. వాటిని అలా ఉంచిన మనుషులు రాలేదు. ఇప్పుడు నెలకోసారి, మొదటి ఆదివారం, ఉన్న 58 వాల్వ్‌లూ తిప్పుతాం. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా పడుతుంది.

పలకలు అన్నీ నిజం చెప్తాయనీ అనుకోకండి. అయిదో ఏడాదిలో 22 నంబరు, "ఇంధన మార్పిడి, వెనక ట్యాంకు" అని రాసి ఉన్నది, తెరిచాం. ఎప్పుడో ఏదో రిఫిట్‌లో (పెద్ద మరమ్మతులో) ఆ లైను మార్చేసి ట్యాంకును మంచినీటికి కేటాయించారు. పలక మార్చలేదు, డ్రాయింగులూ మార్చలేదు. డీజిల్ పోయి తాగేనీళ్లలో కలిసింది. ఆ ట్యాంకు కడగడానికి వారం పట్టింది, వాసన పోవడానికి సీజన్ మొత్తం పట్టింది. రంగు పట్టీ మాత్రం నీలమే ఉంది, మేమే చూడలేదు. అప్పటినుంచి పలకా, రంగూ, గొట్టం వెళ్లే దారీ మూడూ కలిస్తేనే ముట్టుకుంటాం.

వైర్ల విషయంలో నా ఉత్సాహం ఇంకా తగ్గింది. అమ్మేముందు రేడియోలు, ఆయుధాల తాలూకు సరంజామా అంతా తీసేస్తారు. తీయడమంటే విప్పడం కాదు, కోసేయడం. మా వీల్‌హౌస్ (బోటు నడిపే గది) వెనక ప్యానెల్ తీస్తే గుత్తులు గుత్తులుగా తెగిన కేబుళ్లు. ప్రతిదానికీ చక్కగా నంబరు తగిలించి ఉంటుంది, రెండో కొస ఎక్కడా ఉండదు. ఒకదానికి కరెంటు ఉందో లేదో తేల్చడానికే చాలా రోజులు పట్టింది.

ముందు డెక్కు మీద తుపాకీ ఉన్నచోట గుండ్రటి ప్లేటు వెల్డింగ్ చేసి ఇచ్చారు. తుపాకీ, దాని మందుగుండు పోవడంతో బరువులు మారిపోయాయి. కాబట్టి బోటు ఎంత బరువుకు ఎంత ఒరిగినా నిలదొక్కుకుంటుందో చెప్పే పాత స్టెబిలిటీ పుస్తకం చెల్లదు. తెలిసిన బరువును డెక్కు మీద అటూ ఇటూ జరిపి, బోటు ఎంత ఒరిగిందో లోలకంతో కొలిచే పరీక్ష మళ్లీ చేయించాలి. మేము మొదటి ఏడాదే చేయించాం. పైన ఇంకో కేబిన్ కట్టిద్దామన్న నా ఆలోచన ఆ కాగితం చూశాకే పోయింది. అలాగే కింద గదికీ గదికీ మధ్య తిరగడానికి వీలుగా గోడలో ద్వారం కోయిద్దామనుకున్నాను. నీళ్లు చొరబడకుండా కట్టిన గోడ అది. ఆ రాత్రి తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇంజిన్ల గురించి క్లుప్తంగా చెబుతాను. వెంటాడి పట్టుకోవడానికి చేసిన ఇంజిన్లు ఇవి. ఒక్కోటి వెయ్యి కిలోవాట్లు. రెండూ పూర్తిగా తొక్కితే గంటకు 500 లీటర్లకు పైనే తాగుతాయి. మెల్లగా నడిపితే డీజిల్ మిగులుతుంది, కానీ వాటికి మెల్లగా నడవడం పడదు. లోడు తక్కువైతే సిలిండర్లు సరిగా వేడెక్కవు, సగం కాలిన డీజిల్, ఆయిల్ కలిసి సైలెన్సర్‌లో నల్లటి జిడ్డుగా పేరుకుంటాయి. అందుకే మెల్లటి పనిలో ఒక ఇంజిన్‌తోనే వెళ్తాం, తిరిగొచ్చేటప్పుడు అరగంట గట్టిగా తోలుతాం. పనికి అవసరం లేని ఆ అరగంట ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

కాగితాల టెన్షన్ ఇంకో రకం. యుద్ధనౌకలకు సోలాస్ (ఓడల భద్రత), మార్పోల్ (సముద్ర కాలుష్యం) అంతర్జాతీయ ఒప్పందాలు వర్తించవు. బోటు మన పేరున మారిన రోజు నుంచి అది మామూలు నౌకే. అప్పటిదాకా ఎవరూ అడగని సర్టిఫికెట్లన్నీ అప్పుడు అడుగుతారు. పాతదైతే ఆస్బెస్టాస్, సీసం కలిసిన రంగులు ఉన్నాయేమో పరీక్ష చేయించండి. కొత్తగా ఆస్బెస్టాస్ వాడటాన్ని ఓడల్లో పూర్తిగా ఆపింది 2011లోనే. అమ్మేవాళ్లు కూడా మిమ్మల్ని చాలా ప్రశ్నలు అడుగుతారు, విసుక్కోకండి. ఐర్లండ్ నేవీ గస్తీ నౌక ఎల్‌ఈ ఐష్లింగ్ 2017లో వేలంలో 1,10,000 యూరోలకు అమ్ముడైంది. తర్వాత చేతులు మారి లిబియాలో ఒక సాయుధ వర్గం దగ్గర తేలింది. మరోవైపు, ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో ఓడ కాలిప్సో కూడా 1942లో మైన్‌స్వీపర్‌గా (సముద్రంలో మందుపాతరలు ఏరే నౌకగా) పుట్టినదే. యుద్ధం అయ్యాక మాల్టాలో ఫెర్రీగా తిరిగి, 1950లో ఆయన చేతికొచ్చింది. రెండు దారులూ ఉన్నాయి కాబట్టే అన్ని ప్రశ్నలు.

మళ్లీ కొంటావా అంటే, ఇప్పుడున్న పరిస్థితిలో అయితే కొంటాను. మా పనికి అప్పుడప్పుడు నిజంగానే వేగం కావాలి. ఏడాది పొడవునా బోటు మీదే ఉండే మెకానిక్ ఉన్నారు. పెద్దాయన మానేసి వెళ్లిపోతే నా మాట మారవచ్చు. సెలవు రోజుల్లో ఇంట్లోవాళ్లతో తిరగడానికి అయితే నేను వద్దంటాను. ఇద్దరు మనుషులతో 58 వాల్వ్‌ల బోటును సరిగా ఉంచడం నాకు సాధ్యమయ్యేది కాదు.

చూడటానికి వెళ్లినప్పుడు మాత్రం అందరిలా ముందు ఇంజిన్ స్టార్ట్ చేయించుకోకండి. తలుపు దగ్గర పటం ఉందో లేదో చూడండి. ఉంటే ఫోటో తీసుకుని, అక్కడివాళ్ల అనుమతితో, అందులోంచి మీకు తోచిన నాలుగు వాల్వ్‌లు వెతికి తిప్పి చూడండి. గొట్టం వెంబడి వెళ్లి పలక మీది మాట నిజమో కాదో చూడండి. నాలుగూ కలిస్తే ఆ తర్వాత ఇంజిన్ సంగతి. పలక ఒకటి చెప్పి గొట్టం ఇంకోచోటికి పోతుంటే, డ్రాయింగులు మళ్లీ గీయించే ఖర్చు ధరలోంచి తీసేసి వేలం పాడండి.