వైర్‌షార్క్ రివ్యూ: మా మావయ్య దాచిన పాస్‌వర్డ్ మావయ్యకే చూపించింది

ముందే చెప్తున్నా, వైర్‌షార్క్ అనేది నెట్‌వర్క్‌లో పోయే డేటాని పట్టి చూపించే, పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్, కాబట్టి డబ్బులు దండగా కాదా అనే గొడవ లేదు, టైమ్ దండగా కాదా అన్నదే లెక్క. నా మట్టుకు మొదటి రెండు వారాలు పూర్తిగా దండగ. ఆ తర్వాత మాత్రం అమీర్‌పేట్‌లో నెట్‌వర్కింగ్ కోర్సుకి మూడు నెలలు కూర్చుని రాసుకున్న నోట్సు కంటే ఇదే ఎక్కువ నేర్పింది.

ఆ కోర్సులో ఓఎస్ఐ (నెట్‌వర్క్ పనిని మెట్లుగా విడగొట్టి చెప్పే నమూనా) ఏడు లేయర్లు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాళ్ళం. ఫిజికల్, డేటా లింక్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్... అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తా. కానీ అవి అసలు ఎక్కడుంటాయి, ఎవరైనా చూశారా అని ఒక్కరం అడగలేదు, సార్ కూడా చూపించలేదు. వైర్‌షార్క్ చేసే పని ఇదే, మన కంప్యూటర్‌లోకి వచ్చే ప్యాకెట్‌నీ (అంటే డేటా ముక్కనీ), బయటికి పోయే ప్యాకెట్‌నీ పట్టుకుని పొట్లం విప్పినట్టు విప్పి చూపిస్తుంది. 1998లో జెరాల్డ్ కోంబ్స్ అనే ఆయన ఎథీరియల్ అనే పేరుతో మొదలుపెట్టాడు, 2006లో ఆయన ఉద్యోగం మారితే పాత పేరు మీద హక్కు పాత కంపెనీ దగ్గరే ఉండిపోయింది, అందుకని కొత్త పేరు పెట్టాల్సొచ్చింది. మీ సీనియర్ల పాత నోట్సులో ఎథీరియల్ అని కనపడితే కంగారు పడకండి, రెండూ ఒకటే.

ఇక మొదటిసారి ఓపెన్ చేస్తే ఏమవుతుందంటే, వైఫై మీద డబుల్ క్లిక్ కొట్టగానే రంగురంగుల లైన్లు వరదలా వచ్చేస్తాయి. నేను బ్రౌజర్ కూడా తెరవలేదు, అయినా నిమిషంలో వందల ప్యాకెట్లు, మధ్యమధ్యలో నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరాలు, నా ల్యాప్‌టాప్ ఎవడో హ్యాక్ చేశాడనుకున్నా. తీరా చూస్తే చాలావరకు దారిలో పోయిన ప్యాకెట్‌ని మళ్ళీ పంపడమే, రోజూ జరిగేదే.

ఏదైనా ఒక లైన్ మీద క్లిక్ చేస్తే కింద ఈథర్‌నెట్, దాని కింద ఐపీ, దాని కింద టీసీపీ అని ఒకదాని లోపల ఒకటి తెరుచుకుంటూ పోతాయి. అప్పుడు వెలిగింది నాకు, లేయర్లంటే ఇవా అని. సెషన్, ప్రెజెంటేషన్ అని విడిగా ఏవీ కనపడవు, వెతుక్కోకండి, నేను ఒక సాయంత్రమంతా వెతికా.

నాకు బాగా నచ్చింది ఏఆర్‌పీ, ఒక ఐపీ అడ్రస్ ఏ మెషీన్‌దో కనుక్కునే పద్ధతి. "192.168.0.1 ఎవరిది? 192.168.0.105కి చెప్పండి" అని అచ్చం ఇలాగే రాసుంటుంది, ఊళ్ళో దండోరా వేసినట్టు నెట్‌వర్క్ మొత్తానికీ వినపడేలా అడుగుతుందన్నమాట. ఆ దండోరాకి ఎవడు "నేనే" అని పలికినా అడిగినవాడు నమ్మేస్తాడు, రుజువు అడిగే పద్ధతే లేదు. అలా వేరేవాడు పలికి మోసం చెయ్యడాన్నే ఏఆర్‌పీ స్పూఫింగ్ అని కోర్సులో అరపేజీ రాయించారు, ఇక్కడ ఒక్క లైన్ చూస్తే అర్థమైంది.

ఇప్పుడు అసలు కథ. తెనాలిలో మా మావయ్యకి బట్టల కొట్టు ఉంది, సీసీ కెమెరాలు పెట్టించాడు, కంపెనీ పేరు వద్దులెండి. డీవీఆర్ (కెమెరాల వీడియో దాచే డబ్బా) పేజీ నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగే చిన్న పెట్టె వచ్చింది. మావయ్య "అటు తిరగరా" అని నన్ను గోడ వైపు తిప్పి మరీ పాస్‌వర్డ్ టైప్ చేశాడు. వెనకాల వైర్‌షార్క్ నడుస్తోంది, ఆయనకి తెలీదు. లాగిన్ అయ్యాక హెచ్‌టీటీపీ (వెబ్ పేజీలు పంపుకునే పద్ధతి) ప్యాకెట్లే కనపడేలా ఫిల్టర్ పెట్టి ఆ ప్యాకెట్ తెరిస్తే క్రెడెన్షియల్స్ అనే లైన్‌లో యూజర్ నేమ్, పక్కనే పాస్‌వర్డ్, తెలుగు మీడియం పిల్లాడు కూడా చదివేయొచ్చు.

"మావయ్యా, అడ్మిన్, 12345. అంతేనా?"

"ఎవరు చెప్పార్రా నీకు?"

"నువ్వే చెప్పావు, ఇదిగో చూడు."

ఆ పేజీ నడిచేది మామూలు హెచ్‌టీటీపీ మీద, పోర్ట్ 80 (పోర్ట్ అంటే ఒక్కో సర్వీస్‌కి ఒక్కో తలుపు నంబర్ లాంటిది). పాస్‌వర్డ్‌ని బేస్64 అనే పద్ధతిలో మార్చి పంపుతుంది, చూడ్డానికి పిచ్చి అక్షరాల్లా ఉంటుంది గానీ అది తాళం వెయ్యడం కాదు, గుడ్డలో మూట కట్టడం, ముడి ఎవరైనా విప్పొచ్చు, వైర్‌షార్క్ అడక్కుండానే విప్పేసింది. ఇంకా ఘోరం ఏంటంటే, కెమెరాలు బిగించినతను మావయ్య ఫోన్లో చూసుకోడానికి వీలుగా రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి డీవీఆర్‌కి దారి) పెట్టి వెళ్ళాడు, అంటే ఆ లాగిన్ పేజీ ప్రపంచం మొత్తానికీ తెరిచి పెట్టినట్టే. 2016లో మిరాయ్ అని ఒక బోట్‌నెట్ (హ్యాకర్ల చేతిలో పడ్డ మెషీన్ల గుంపు) ఇలాంటి కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే దూరి, ఆ అక్టోబర్‌లో డైన్ అనే డీఎన్ఎస్ (సైట్ పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే సర్వీస్) కంపెనీ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి సరిగ్గా తెరుచుకోలేదు. ఇది చెప్తే మావయ్య "మన కొట్టులో కెమెరాతోనా?" అని నవ్వాడు, నవ్వాడు గానీ పాస్‌వర్డ్ మార్చాడు.

డీవీఆర్ సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీఎస్ (తాళం వేసి పంపే హెచ్‌టీటీపీ) ఉంది, ఆఫ్‌లో పెట్టి అమ్మారు, ఆన్ చేసి పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేశాం. బ్రౌజర్ సర్టిఫికెట్ (సైట్ గుర్తింపు కార్డు లాంటిది) బాలేదని గోల చేసింది, డీవీఆర్ తన సర్టిఫికెట్ తనే రాసుకుంటుంది కాబట్టి ఆ గోల మామూలే, కేబుల్ నేరుగా డీవీఆర్‌కే పోతోందని తెలుసు కాబట్టి ముందుకెళ్ళా, బ్యాంక్ సైట్‌లో ఇదే గోల వస్తే మాత్రం వెంటనే మూసెయ్యండి. మళ్ళీ క్యాప్చర్ చేస్తే ఈసారి అప్లికేషన్ డేటా అని మాత్రమే ఉంది, లోపలంతా చెత్త అక్షరాలు. హెచ్‌టీటీపీఎస్ వేసే తాళం అంటే ఏంటో రెండు క్యాప్చర్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

అయితే ఆ తాళం అన్నీ దాచదు, ఇది కూడా ఇక్కడే తెలిసింది. ఏ సైట్‌కి వెళ్ళారో ఆ పేరు మామూలుగా క్లయింట్ హలో అనే మొదటి ప్యాకెట్‌లో బాహాటంగా పోతుంది, అంతకు ముందే డీఎన్ఎస్‌కి పోర్ట్ 53 మీద వేసిన ప్రశ్నలోనూ ఉంటుంది. అంటే ఉత్తరం కవర్‌లో ఉంది గానీ కవర్ మీద అడ్రస్ అందరికీ కనపడుతుంది. బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ (డీఎన్ఎస్ ప్రశ్నలకీ తాళం వేసేది) ఆన్ చేశాక ఆ ప్రశ్నలు మాయమయ్యాయి, క్లయింట్ హలోలో పేరు మాత్రం అలాగే ఉంది.

ఇంకో లాభం, కొట్లో బిల్లింగ్ కంప్యూటర్ స్లో అని నెట్ వాళ్ళతో రోజూ తగాదా. చూస్తే స్పీడ్ బానే ఉంది, డీఎన్ఎస్ జవాబే రెండేసి సెకన్లు తర్వాత వస్తోంది. 1.1.1.1 అనే వేరే డీఎన్ఎస్ పెట్టాం, తగాదా ఆగింది.

మైనస్‌లు లేవా అంటే బోలెడు. విండోస్‌లో ఎన్‌పీక్యాప్ అనే ఇంకో ముక్క ఇన్‌స్టాల్ చేస్తేనే పట్టుకుంటుంది. ఫిల్టర్లు రెండు రకాలు, క్యాప్చర్‌కి ముందు పెట్టేదాని రాత వేరు, తర్వాత పెట్టేదాని రాత వేరు, ఎందుకలా చేశారో గానీ నాకు ఇప్పటికీ తారుమారు అవుతాయి, కనీసం తర్వాత పెట్టేదాంట్లో తప్పు రాస్తే పెట్టె ఎర్రగా మారి చెప్తుంది. రాత్రంతా ఆన్ చేసి వదిలేస్తే ర్యామ్ మింగేసి కూలబడుతుంది, నా 8 జీబీ ల్యాప్‌టాప్ తెల్లారేసరికి బిగుసుకుపోయింది. పైగా పక్క కంప్యూటర్ ట్రాఫిక్ కనపడుతుందని ఆశపడితే కనపడదు, నెట్‌వర్క్ కేబుళ్ళు కలిపే స్విచ్ ఎవరి ప్యాకెట్ వాళ్ళకే ఇస్తుంది, పోర్ట్ మిర్రరింగ్ (ఒకరి ప్యాకెట్ల కాపీ ఇంకో పోర్ట్‌కి పంపడం) ఉన్న స్విచ్ ఉంటే తప్ప.

మా తమ్ముడైతే చూడగానే "అన్నా, పక్కింటి వైఫై పాస్‌వర్డ్ వస్తుందా?" అన్నాడు. రాదురా బాబూ, దీని పని అది కాదు. పర్మిషన్ లేకుండా వేరేవాళ్ళ నెట్‌వర్క్‌లో చెయ్యి పెడితే ఐటీ యాక్ట్ సెక్షన్ 66 కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా ఫైన్, లేదా రెండూ. మీ మెషీన్, మీ ఇల్లు, అంతవరకే. ఆఫీసులో అయితే అడ్మిన్‌ని అడిగి మొదలుపెట్టండి.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఐపీ అడ్రస్, పోర్ట్ అంటే ఏంటో కాస్త తెలిసినవాళ్ళకి నాలుగు, అస్సలు తెలియనివాళ్ళకి రెండే, వాళ్ళు ముందు ఒక వారం బేసిక్స్ చదువుకుని రండి. వచ్చాక మొదట మీ ఇంటి రౌటర్ లాగిన్ పేజీ మీదే ట్రై చేయండి, పోర్ట్ 80 మీద నడిచేవి ఇంకా చాలా ఉన్నాయి.