114/1000, 127/1000 పొట్టి టెలిస్కోప్‌లు: ఫోకసర్‌లో దాచిన లెన్స్‌తో జాగ్రత్త

చంద్రుడు, గురుడు, శని ఫొటోల కోసం మొదటి టెలిస్కోప్ వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. ఆన్‌లైన్‌లో "114 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 1000 మి.మీ., 750 రెట్లు" అని అమ్మే రిఫ్లెక్టర్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్) గురించి ఈ హెచ్చరిక. మొదటి సంఖ్య అద్దం వెడల్పు, రెండోది ఫోకల్ లెంగ్త్. దీని అన్నలాంటిది 127/1000. మాకు అమ్మినవాళ్లు పేజీలో గానీ పెట్టెమీద గానీ అసలు సంగతి రాయలేదు: ఫోకసర్ (కన్ను పెట్టి చూసే ఐపీస్‌ను ముందుకూ వెనక్కూ జరిపే భాగం) గొట్టం లోపలి చివర ఒక లెన్స్ బిగించి ఉంది.

పసిగట్టడం సులువే. మామూలు న్యూటోనియన్‌లో (అదనపు లెన్స్ లేని అద్దాల టెలిస్కోప్‌లో) ట్యూబు పొడవు ఇంచుమించు ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి కాంతి కలిసే చోటికి దూరం) అంత ఉంటుంది. 1000 అన్నప్పుడు మీటరు ట్యూబు రావాలి. ఇందులో వచ్చేది అర మీటరే. అడుగున ఉన్నది దాదాపు ఎఫ్/4 (ఫోకల్ లెంగ్త్ వెడల్పుకు నాలుగు రెట్లు) గోళాకార అద్దం. అంత లోతైన గోళాకార అద్దంలో అంచు కిరణాలు ఒకచోట, మధ్య కిరణాలు ఇంకోచోట కలుస్తాయి. ఆ తేడా సరిదిద్ది, ఫోకల్ లెంగ్త్‌ను రెట్టింపు చేసేందుకే ఆ లెన్స్. దీన్ని బర్డ్-జోన్స్ డిజైన్ అంటారు. అద్దానికి తగ్గట్టు లెన్స్ తయారుచేసి, సరైన దూరంలో నిలిపితే ఇది పనిచేస్తుంది. చవక మోడళ్లలో లెన్స్ నాసిరకం, పైగా నాబ్ తిప్పినప్పుడల్లా అదీ కదులుతుంది.

ఫొటోల్లో దీని ఫలితం: చంద్రుడి అంచు చుట్టూ పాలనురగ లాంటి వెలుగు, శని వలయానికీ గోళానికీ మధ్య ఖాళీ పూడుకుపోవడం, గురుడి పట్టీలు లేత మరకలైపోవడం. వెయ్యి ఫ్రేములు స్టాక్ చేసినా (ఒకదానిమీద ఒకటి పేర్చి కలిపినా), వేవ్‌లెట్స్ (బొమ్మకు పదును పెంచే సాఫ్ట్‌వేర్ సాధనం) ఎంత లాగినా ఇది పోదు. స్టాకింగ్ గాలి కదలికను తగ్గిస్తుందే గానీ అద్దం లోపాన్ని కాదు. కొలిమేషన్ (అద్దాలను ఒకే వరుసలోకి సరిచేయడం) మరీ కష్టం: లేజర్ పెడితే దాని కిరణం ఆ లెన్స్ గుండా వెళ్లి చెదిరిపోతుంది. లెన్స్ విప్పి, అద్దాలు సరిచేసి, మళ్లీ బిగించాల్సిందే. ప్రధాన అద్దం మధ్యలో గుర్తు కూడా ఉండకపోవచ్చు.

750 రెట్లు ఎలా వచ్చిందంటే, 1000ని 4 మి.మీ. ఐపీస్‌తో భాగించి, 3 రెట్ల ప్లాస్టిక్ బార్లోతో (ఐపీస్ ముందు పెట్టి రెట్లు పెంచే లెన్స్‌తో) గుణించారు. 114 మి.మీ. అద్దానికి బాగా కుదిరిన రాత్రి కూడా 228 రెట్లు దాటితే కొత్త వివరం రాదు, బొమ్మ చీకటిపడి అలుక్కుపోతుంది. ఇక స్టాండు. ఫోన్ తగిలించి ఫోకస్ ముట్టుకుంటే చాలు, గురుడు తెరమీద ఊగుతూనే ఉంటాడు. మన హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీలే కాబట్టి ఈక్వటోరియల్ మౌంట్‌ను (భూమి అక్షానికి సమాంతరంగా వాల్చి, నక్షత్రాల వెంట తిప్పే స్టాండును) బాగా వాల్చాలి. అప్పుడు ట్యూబుకు సమతూకంగా బరువు తగిలించే కడ్డీ ట్రైపాడ్ కాలికి తగలొచ్చు.

పెట్టె తెరవడం మొదలు అంతా వీడియో తీయండి. ఐపీస్ తీసి ఫోకసర్‌లోకి టార్చ్ వేసి చూడండి, అడుగున గాజు మెరిస్తే అదే. వాపసు గడువు వర్షాకాలంలో పడితే మబ్బులకే సరిపోతుంది, అందుకని పగలే దూరపు సెల్ టవర్‌ను చూసి పరీక్షించండి, సూర్యుడి వైపు మాత్రం తిప్పొద్దు. ఆకాశం తెరిపిస్తే నడినెత్తిన ఉన్న ప్రకాశవంతమైన నక్షత్రాన్ని తీసుకోండి. ధ్రువ నక్షత్రం దాదాపు కదలదు గానీ మనకు మరీ కిందుగా, మందపాటి గాలిలో కనిపిస్తుంది. ఫోకస్‌ను అటూ ఇటూ కొద్దిగా తప్పించండి. రెండువైపులా ఒకేలాంటి వలయాలు రావాలి. ఒకవైపు వలయాలు, ఇంకోవైపు మసక ముద్ద వస్తే వెంటనే వాపసు పెట్టండి. ఆలస్యం చేస్తే వాడిన సరుకంటూ తిప్పి పంపుతారు, మాకు జరిగింది ఇదే.

ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల "సన్" ఫిల్టర్ పెట్టెలో ఉంటే పగలగొట్టి పారేయండి. అద్దం పోగుచేసిన వేడికి అది చిట్లితే కన్ను పోతుంది. సూర్యుడి ఫిల్టర్ ఎప్పుడూ ట్యూబు ముందు మూతికే ఉండాలి.

కొనాలనుకుంటే పొడవు ట్యూబు 114/900, లేదా పారాబోలిక్ (అంచు, మధ్య కిరణాలు ఒకేచోట కలిసేలా మలిచిన) అద్దమని స్పష్టంగా రాసిన 130/650 చూడండి. ఈపాటికే పొట్టిది కొనేసి ఉంటే బార్లో పక్కనపెట్టి, 25 మి.మీ. ఐపీస్‌తో 40 రెట్ల దగ్గర ఫోన్ క్లాంప్‌తో చంద్రుణ్ణి తీయండి, ఆ పనికి ఇది ఫరవాలేదు. వాపసు నిరాకరిస్తే అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్, పెట్టె వీడియో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.